రేపటాయన

ఐదంతస్తుల భవనం అది. ముప్ఫై రెండు వాటాలు, ఒకే మెట్లదారి, లిఫ్టు లేదు. కింద నించి పైకి ఎక్కుతుంటే తలుపు తలుపుకీ భాష మారిపోయేది. ఒక గుమ్మం ముందు చెప్పులు వరసగా పేర్చి ఉంటే, పక్క గుమ్మం ముందు గుట్టగా పడి ఉండేవి. ఒక ఇంట్లో మామూలుగా మాట్లాడుకున్నా పోట్లాటలా వినిపించేది. ఇంకో ఇంట్లో పోట్లాడుకున్నా పిల్లల్ని జోకొడుతున్నట్టు ఉండేది. ఇన్ని రకాల మనుషులకీ ఉమ్మడి ఆస్తి ఒకటే, కారే పైపులు.

ఆ పైపుల్ని చూసుకోవడానికి భవనం తరఫున పెట్టిన మరమ్మతులాయన, కింద నీళ్ల మోటారు పక్కనున్న ఒంటి గదిలో భార్యతో కాపురముండేవాడు. గది ఉద్యోగంతో పాటు వచ్చింది. మోటారు తిరిగినంతసేపూ గోడ వణికేది, గూట్లో గ్లాసులు గలగలమనేవి. ఇరవై రెండేళ్లలో ఆ చప్పుడు ఆగితేనే ఆ దంపతులకి తోచనట్టుండేది.

భవనంలో అతన్ని అందరూ రేపటాయన అనేవారు, ఎవరి భాషలో వాళ్లు. పాపం అతని తప్పేమీ లేదు. సామాను కొనిచ్చేది మేనేజరు. కుళాయికి వాషరు కావాలన్నా, సింకు కింది గొట్టం మార్చాలన్నా మేనేజరు చీటీ రాసివ్వాలి. ఆయన వారానికి రెండుసార్లు వచ్చి, రిజిస్టరు తిరగేసి, "రేపు చూద్దామని చెప్పవోయ్" అని వెళ్లిపోయేవాడు. ఆ మాట మోసుకుని మెట్లెక్కేది మాత్రం ఇతను. యజమాని ఎలా ఉంటాడో భవనంలో ఎవరూ చూడలేదు. మేనేజరుని కొందరు చూశారు. రేపటాయన్ని అందరూ చూశారు. అందుకని తిట్లన్నీ అతని వాటాకే వచ్చాయి.

వచ్చిన కొత్తలో అతనికి ఒక్క భాషా రాదు. మూడో అంతస్తు ఇల్లాలు సింకు చూపించి గడగడా ఏదో చెబుతుంటే, చూపుడు వేలు నీళ్లలో ముంచి, ఇదా అన్నట్టు చూసేవాడు. మెల్లిగా పట్టుబడ్డాయి. ఏ భాషలోనైనా అతనికి ముందు తిట్టు వచ్చేది, తర్వాత నీళ్లు, ఆ తర్వాత రేపు. ఆకాశాన్ని ఏమంటారో ఒక్క భాషలోనూ తెలీదు. 'మీ స్నానాలగది నీళ్లు కింది వాళ్ల పొయ్యి మీద పడుతున్నాయమ్మా' అని మాత్రం ఎనిమిది భాషల్లో చెప్పగలడు.

అలా చెప్పగలగడం వల్ల అతనికి జీతం లేని ఇంకో ఉద్యోగం అంటుకుంది. పై వాటావాళ్లకీ కింది వాటావాళ్లకీ తగువొస్తే మధ్యలో నిలబెట్టేవారు. కింది మనిషి, "పైనున్నది మనుషులా పందులా అని అడుగు" అనేవాడు. రేపటాయన పైకి చూసి, "కాస్త నీళ్లు చూసి వాడుకోమంటున్నారమ్మా" అనేవాడు. పైనించి ఆవిడ, "వాడి పాడె కట్ట, నా ఇంట్లో నేను స్నానం కూడా చేయకూడదా" అనేది. ఇతను కిందికి తిరిగి, "చూసుకుంటామన్నారు బాబూ" అనేవాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుండేది అతని బతుకు. అయినా, వాళ్ల మాటల్లోని కారం తన నాలుక మీదే ఉంచేసుకుని, చప్పగా చేసి అటూ ఇటూ అందించేవాడు. ఆ భవనంలో ఇరవై రెండేళ్లు తల పగలకుండా గడిచిందంటే సగం పుణ్యం అతనిదే. అది ఎవరికీ తెలియదు, తెలిసే వీలూ లేదు.

అతని మంచితనం సరే. తప్పు చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు.

రెండో అంతస్తు నించి మూడో అంతస్తుకి వెళ్లే మలుపులో ఒక కిటికీ ఉంది. దాని అద్దం ఎప్పుడో పోయింది. వాన కొట్టినప్పుడల్లా నీళ్లు పడి, అక్కడ మెట్ల పక్కన పట్టుకునే ఇనుప కమ్మీ మొదళ్లు తుప్పుపట్టాయి. నిలువు కడ్డీలు మూడు సిమెంటులో ఉన్నట్టే ఉండి వదులైపోయాయి. చెయ్యి వేస్తే కమ్మీ బెత్తెడు ఊగేది. రేపటాయన మొదటిసారి దాన్ని పట్టుకుని చూసిన రోజే మేనేజరుకి చెప్పాడు.

"మూడు కడ్డీలు కోసేసి, కింద పలకలు పెట్టి వెల్డింగు చేయించాలండీ. అరపూట పని. కిటికీకి అద్దం వేయిస్తే ఇక జన్మలో చూడక్కర్లేదు."

"రేపు చూద్దాం. ఈలోపు పుట్టీ పెట్టి రంగు కొట్టెయ్."

"పుట్టీకి ఆగదండీ. మనుషులు ఆనుకుంటారు."

"ఆనుకోవద్దని చెప్పావనుకో, అందరూ నా మీద పడతారు. లేనిపోని భయాలు పెట్టకు. చెప్పింది చెయ్."

పుట్టీ పెట్టాడు, ఇనుప తీగ బిగించాడు, పైన ఆకుపచ్చ రంగు కొట్టాడు. పైన పటారం, లోన లొటారం. మేనేజరు రిజిస్టరు తీసి, 'మెట్ల కమ్మీ, పని పూర్తయింది' అని రాయమంటే రాసి సంతకం పెట్టాడు. ఆరేళ్లలో ఆ మాట నాలుగుసార్లు రాశాడు. నాలుగోసారి రాసేటప్పుడు మేనేజరు చెప్పేదాకా కూడా ఆగలేదు, తనే పెన్ను తీశాడు.

రెండో అంతస్తులో ఓ ముసలమ్మ కూతురితో ఉండేది. వాళ్ల భాష భవనం మొత్తంలో వాళ్లిద్దరిదే. కూతురు పొద్దున్నే పనికి పోతే సాయంత్రం దాకా ముసలమ్మకి మాట్లాడే దిక్కులేదు. అందుకని కుళాయి బాగానే ఉన్నా పాడైందని పిలిచేది. రేపటాయన పానా పట్టుకుని వెళితే, స్టూలు వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చి మాటలు నేర్పేది. మోకాలు చూపించి దాని పేరు, వాన చూపించి దాని పేరు. తప్పు పలికితే నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వేది. మిగతా ఏడు భాషలూ అతను తిట్లలోంచి ఏరుకున్నాడు. ఈ ఒక్కటే ఒకరు కూర్చోబెట్టి నేర్పితే వచ్చింది. తన తల్లి పోయాక అతన్ని 'నాయనా' అని పిలిచిన మనిషి ఆవిడొక్కతే.

ఒకరోజు పొద్దున పదింటికి ఆవిడ మూడో అంతస్తులో ఎవరికో ఖాళీ గిన్నె తిరిగిచ్చి దిగుతోంది. మలుపు దగ్గర ఆయాసం వచ్చి కమ్మీకి ఆనుకుంది. కమ్మీ మూడు కడ్డీలతో సహా ఊడి కింది మెట్ల మీద పడింది, దానితో పాటు ఆవిడా పడింది. మోటారు చప్పుడులో కూడా రేపటాయనకి ఆ శబ్దం వినబడింది. చేతిలో ఉన్నది పారేసి, రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్లాడు. ఆవిడ కాలు అసలు వెళ్లకూడని వైపుకి తిరిగి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. అతని చెయ్యి పట్టుకుని, తన భాషలో మెల్లిగా, "చెప్పు జారింది నాయనా, నా చెప్పే జారింది" అంది.

చెప్పులు రెండూ ఆవిడ కాళ్లకే ఉన్నాయి.

తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో అది అతుక్కున్నా మనిషి మళ్లీ మెట్లెక్కడం ఉండదని డాక్టర్లు చెప్పారు. భవనం మొత్తం భగ్గుమంది. ముప్ఫై రెండు వాటాలవాళ్లూ కలిసి రేపటాయన మీద నగర కార్యాలయానికి అర్జీ పెట్టారు. జీవితంలో వాళ్లందరూ కలిసి చేసిన పని అదొక్కటే. పది రోజులకి ఒక అధికారిణి ఫైలు పట్టుకుని విచారణకొచ్చింది. కింద ఖాళీ స్థలంలో కుర్చీలు వేశారు. ఓ పక్క మేనేజరు, చంకలో రిజిస్టరు. ఎదురుగా జనం. గోడవారగా రేపటాయన, అతని వెనక అతని భార్య.

అధికారిణి అందర్నీ ఒకసారి కలియజూసింది. "ఇన్ని భాషలు నాకెలా అర్థమవుతాయి? దుబాసీ ఎవరైనా ఉన్నారా?"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని, అందరూ రేపటాయన వైపే చెయ్యి చూపించారు.

"ఫిర్యాదు మీ మీదే కదండీ. మీరే చెప్తారా?"

"చెప్తానమ్మా."

ఆవిడ కాసేపు పెన్ను తిప్పింది. "సరే. ఎవరూ తన మీద తను అబద్ధం కల్పించుకోరు. మీకు వ్యతిరేకంగా మీరే చెప్తే అది నిజమే అయ్యుంటుంది. మొదలుపెట్టండి."

ఒక్కొక్కరే లేచారు. మూడో అంతస్తు ఇల్లాలు, వాళ్ల గోడలో నీళ్లు దిగుతున్నాయని నలభైసార్లు చెప్పానంది. రేపటాయన అధికారిణి వైపు తిరిగి, "నలభైసార్లు చెప్పారటమ్మా. నలభైసార్లూ నేను రేపు అన్నానట. నిజమే" అన్నాడు. ఐదో అంతస్తాయన వేలు చూపించి అరిచాడు. రేపటాయన అదీ అందించాడు. "నాకు సిగ్గులేదటమ్మా. నా ఇంట్లోవాళ్లు పడి ఉంటే ఇలాగే రంగు కొట్టేవాణ్ణా అని అడుగుతున్నారు." ఈసారి దేన్నీ చప్పగా చేయలేదు. ఏ మాట ఎంత కారంగా వచ్చిందో అంత కారంగానే తీసుకెళ్లి అధికారిణి ముందు పెట్టాడు. తిట్టిన మాటకి సరిగ్గా సరిపోయే తిట్టు దొరక్కపోతే ఒక్కక్షణం ఆగి వెతుక్కుని మరీ చెప్పాడు. వెనకనించి భార్య, "అంత చెప్పక్కర్లేదు" అని గొణిగింది. అతను వినిపించుకోలేదు.

ఆఖర్న ముసలమ్మ కూతురు లేచింది. తెల్లకాగితంలాంటి మొహంతో ఉంది. వాళ్ల భాష అక్కడ ఆవిడకీ, రేపటాయనకీ తప్ప ఎవరికీ రాదు.

"మా అమ్మని ఏం చెప్పమంటావని అడిగాను. నా చెప్పు జారింది, అంతే చెప్పు, ఎవరి కడుపూ కొట్టకు అంది" అని ఆగింది. "అది అమ్మ మాట. నా మాట వేరే. ఊడిన కడ్డీలు నేను చూశాను. కింద సిమెంటు లేదు, పుట్టీ ఉంది. పైన రంగు ఉంది. అమ్మ చెప్పులు రెండూ కాళ్లకే ఉన్నాయి."

చెప్పి కూర్చుంది. అందరూ రేపటాయన నోటి వైపు చూస్తున్నారు.

మేనేజరు తెలివైనవాడు. ఆ భాష రాకపోయినా, కూతురు మాట్లాడుతూ వంగి తన చెప్పు చూపించడం చూశాడు. "చెప్పు జారిందనే కదా అంటోంది?" అన్నాడు, మాట అందిస్తున్నట్టు. కళ్లతో ఇంకా చాలా చెప్పాడు. గది ఉంది, ఉద్యోగం ఉంది, సగం మాట చెప్పి సగం మింగితే ఎవడికి తెలుస్తుంది అని. ఇరవై రెండేళ్లుగా అతను చేస్తున్నది అదేగా.

రేపటాయన మొత్తం చెప్పాడు. ముసలమ్మ మాట ముసలమ్మదిగా, కూతురి మాట కూతురిదిగా. పుట్టీ అన్న మాట, రంగు అన్న మాట, చెప్పులు రెండూ కాళ్లకే ఉన్నాయన్న మాట. చెప్పేసి, "అది నిజమేనమ్మా. పుట్టీ పెట్టింది నేనే" అన్నాడు.

మేనేజరు ఏమాత్రం తడబడలేదు. రిజిస్టరు తెరిచి అధికారిణి ముందు పెట్టాడు. "చూడండి మేడమ్. పని పూర్తయిందని నాలుగుసార్లు సొంత చేత్తో రాసి సంతకం పెట్టాడు. ఇలా మమ్మల్ని మోసం చేస్తాడని మేమేం కలగన్నామా?"

"ఇది మీ సంతకమేనా?"

"నాదేనమ్మా. మేనేజరు గారు రాయమన్నారు. వెల్డింగు కావాలని నేను చీటీలు పెట్టాను."

"చీటీలకి నకళ్లున్నాయా?"

లేవు. చీటీ అంటే సిగరెట్టు పెట్టె అట్టముక్క మీద పెన్సిలుతో రాసింది. నకలెవరు తీస్తారు.

అప్పుడు నాలుగో అంతస్తు డ్రైవరు లేచాడు. పెద్దగా ఎవరితో మాట్లాడని మనిషి. తన భాషలో, తొందరేమీ లేకుండా చెప్పాడు. "ఈయన మేనేజరుని బతిమాలడం నేను చెవులారా విన్నాను. బండి కడుగుతూ ఇక్కడే ఉన్నాను. కడ్డీలు మార్చకపోతే ఎవరో ఒకరు పడతారని చెప్పాడు. మేనేజరు నవ్వి, రంగు కొట్టమన్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు విన్నాను."

అంతసేపూ గడగడా చెప్పిన రేపటాయన ఇప్పుడు మాట మాటకీ తడబడ్డాడు. డ్రైవరు చెప్పినదంతా ఎలాగో చెప్పాడు.

అధికారిణి పెన్ను కింద పెట్టేసింది. "మీ మీద వచ్చిన మంచి మాటని మీరే చెప్తే నేనెలా రాసుకోనండీ? ఇంకో దుబాసీతో ఈయన మాట మళ్లీ తీసుకుంటాను."

"ఇందాకటివన్నీ రాసుకున్నారు కదమ్మా" అంది అతని భార్య వెనకనించి. ఆవిడ మాట్లాడటం అదే మొదలు.

"అవి వేరమ్మా" అంది అధికారిణి. కసిరినట్టు కూడా అనలేదు, నెమ్మదిగానే అంది.

ఇంకో దుబాసీ రాలేదు. డ్రైవరు రెండుసార్లు కార్యాలయానికి వెళ్లి బల్లల ముందు నిలబడి వచ్చాడు. అతని భాష ఎవరికీ అర్థం కాలేదు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. కమ్మీ వారంలోగా బాగుచేయించాలి. తప్పుడు రాతలు రాసి ప్రమాదానికి కారణమైన మరమ్మతు మనిషిని తీసెయ్యాలి. యజమాని గురించి గానీ మేనేజరు గురించి గానీ అందులో ఒక్క అక్షరం లేదు.

వెల్డింగువాళ్లు పొద్దున తొమ్మిదింటికి వచ్చారు. కడ్డీలు మూడూ కోశారు, పలకలు పెట్టారు, అతికారు, కిటికీకి అద్దం కూడా వేశారు. రేపటాయన కింది మెట్టు మీద కూర్చుని అంతా చూశాడు. ఒంటిగంటకి వాళ్లు సామాను సర్దుకుని అన్నానికి లేచారు. అరపూట. ఆరేళ్లు అడిగిన అరపూట.

గది ఖాళీ చేసే ముందు ఒకసారి ముసలమ్మని చూడాలని ఆసుపత్రికి వెళ్లాడు. కూతురు గది బయటే ఎదురైంది. ఎప్పుడూ 'అన్నా' అని పిలిచేది, ఇవాళ పిలవలేదు.

"మీరు విచారణలో నిజం చెప్పారు. దానికి మీకు రుణపడి ఉంటాను" అంది. "ఒక్కటి అడుగుతాను. ఆ కమ్మీ ఊగుతోందని మీకు తెలుసు కదా?"

"తెలుసమ్మా."

"వారానికి రెండుసార్లు మా ఇంట్లో టీ తాగారు. ఊగుతోంది, ఆనుకోవద్దు అని మా అమ్మకి ఎందుకు చెప్పలేదు? ఆ మాటలు మీకు రావా?"

వచ్చు. ఊగడం అనే మాట ఆవిడే నేర్పింది, కుంటి స్టూలు మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూపించి. ఆనుకోవద్దన్న మాట అతనికి ఎనిమిది భాషల్లో వచ్చు. ముప్ఫై రెండు గుమ్మాల్లో ఒక్క గుమ్మం ముందైనా ఆ మాట అనలేదు. మేనేజరు వద్దన్నాడని చెప్పబోయి ఊరుకున్నాడు. మేనేజరు వద్దన్నది నిజమే. కానీ మేనేజరుకి ఆ భాష రాదు. ముసలమ్మకి చెప్పినా ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదు. ఆరేళ్లలో ఆ సంగతి తనకి తట్టనే లేదు. వద్దంటే వద్దనుకున్నాడు, అంతే.

"లోపలికి రావద్దు" అంది కూతురు. "వస్తే అమ్మ మళ్లీ చెప్పు జారిందనే అంటుంది. అది నేను వినలేను."

తలుపు సందులోంచి తెల్ల దుప్పటి అంచు, కట్టు కట్టిన కాలు కనిపించాయి. అంతవరకే చూసి వెనక్కి తిరిగాడు.

సామాను తీసుకెళ్లే రోజు భవనంలో తలుపులన్నీ మూసే ఉన్నాయి. తప్పు చేసినవాడి మొహం చూడటానికి ఇబ్బంది కొందరికి, తప్పు తమదేమోనని ఇబ్బంది ఇంకొందరికి. నాలుగో అంతస్తు డ్రైవరు ఒక్కడే దిగొచ్చి మంచం ఓ వైపు పట్టాడు. బండి ఎక్కించాక కాసేపు నిలబడి, మొహమాటంగా, "మా స్నానాలగది కుళాయి రెండు రోజులనించి కట్టడం లేదు" అన్నాడు.

"పనిముట్లు అప్పజెప్పేశాను. అవి వాళ్లవి" అన్నాడు రేపటాయన.

డ్రైవరు సిగ్గుపడ్డాడు. ఇతనికీ సిగ్గనిపించింది.

తర్వాత అతనికి ఊరి చివర చల్లని గోదాములో పని దొరికింది. పెట్టెలు ఒక వరసనించి ఇంకో వరసకి మార్చడం. మాట్లాడాల్సిన పనే లేదు. నోరు తెరిస్తే పొగ వస్తుందని అందరూ మూసుకునే ఉంటారు. ఆ పని అతనికి నచ్చింది. ఇల్లు ఇంకో పేటలో దొరికింది, అక్కడా ఇంటికో భాష. భార్యకి మాత్రం ఇరవై రెండేళ్ల మోటారు చప్పుడు లేక నిద్ర పట్టేది కాదు. "ఇంత గోల అణిగిపోతే మనిషి బతికున్నాడో లేదో ఎలా తెలుస్తుంది" అనేది. అతను ఇంట్లో కూడా మాట తగ్గించేశాడు. కూర ఎలా ఉందంటే తలూపేవాడు.

ఒక ఆదివారం సాయంత్రం తలుపు కొట్టిన చప్పుడైంది. పక్క వాటా ఇల్లాలు. మోచేతుల దాకా తడి, చంకలో ఏడుస్తున్న పిల్ల. సింకు కింద గొట్టం ఊడిందనీ, వంటగదంతా నీళ్లైపోయాయనీ, ఎవర్ని పిలవాలో తెలియడం లేదనీ చెప్పింది. తన భాషలో చెప్పింది. చేతులతో కూడా చెప్పింది, ఎదుటివాళ్లకి తన మాట తెలియదన్న నమ్మకంతో.

అతనికి ప్రతి మాటా తెలిసింది. ఎక్కడ పట్టుకుంటే నీళ్లు ఆగుతాయో కూడా తెలుసు. ఆమె వాటాకి నీళ్లు కట్టేసే మర తలుపు పక్కనే, మోకాలెత్తులో ఉంది. ఆ మాట చెబితే చాలు.

ఆ భాష తనకి రాదన్నట్టు తల అడ్డంగా ఊపి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

భార్య అతన్నొకసారి చూసింది. అతనికి ఆ భాష వచ్చని ఆవిడకి తెలుసు. లేచి, బకెట్టూ రెండు పాత గుడ్డలూ తీసుకుని, ఆ ఇల్లాలి వెంట వెళ్లింది. గోడ అవతల నీళ్లు ఎత్తిపోస్తున్న చప్పుడు, గుడ్డలు పిండుతున్న చప్పుడు చాలాసేపు వినిపించాయి. ఒకరి మాట ఒకరికి తెలియని ఆడవాళ్లిద్దరూ, ఎవరి భాషలో వాళ్లు, ఏదో చెప్పుకుంటూనే ఉన్నారు.